కీ ప్రకారం తప్పు

సోమవారం. ఉదయం ఆరు గంటలు.

కొండదీపం కోచింగ్ సెంటర్ హాస్టల్లో హాజరు పిలుస్తున్నారు. "పాంగి జీవిత" అన్న పేరుకి జవాబు రాలేదు.

మళ్ళీ పిలిచారు. రాలేదు.

ఆమె మంచం మీద దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. దుప్పటి మీద నీట్ పరీక్ష హాల్ టికెట్. అది ఎగిరిపోకుండా పైన ఆధార్ కార్డు.

పరీక్ష వచ్చే ఆదివారమే.

కాసేపటికే అరకులోయ పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది. ఎస్.ఐ. కొర్రా రాజకుమారి ఎత్తింది. అవతల మణిదీప్. సెంటర్లో ఫిజిక్స్ చెప్పే కుర్రవాడు.

"మేడమ్, జీవిత కనబడడం లేదు."

"ఏ జీవిత?"

ఆ ప్రశ్న అనవసరం. ఏ జీవితో ఆమెకి తెలుసు.

"నిన్న మీరు పెట్టె తెరిపించారు కదా మేడమ్. ఆ అమ్మాయి."

రాజకుమారి ఫోన్ పెట్టేసింది. టోపీ అందుకుంది.

జీపు హెడ్ కానిస్టేబుల్ వెంకటరమణ నడుపుతున్నాడు. శృంగవరపుకోట మనిషి. మామూలుగా నోరు మూతపడదు. ఈ రోజు మాట్లాడలేదు. నిన్న అతనూ అక్కడే ఉన్నాడు మరి.

నిన్న జరిగింది ఇది.

సెంటర్ ఊరి చివర, రైలు కట్ట దాటాక, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మిషన్ చర్చి ఆవరణలో ఉంది. ఏజెన్సీ మండలాల నుంచి ఏరిన ఇరవై నలుగురు ఆడపిల్లలకి అక్కడ ఉచితంగా మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ ఇస్తారు. ఆదివారం ఆరాధన, భోజనం అయ్యాక మధ్యాహ్నం రెండింటికి స్టడీ హాల్ తెరిచారు. ర్యాకు ఖాళీగా ఉంది. పిల్లలు రోజూ సాధన చేసే బయాలజీ క్వశ్చన్ బ్యాంకులు ఇరవై నాలుగూ లేవు. ఒక్కొక్కటి ఇటుకంత లావు పుస్తకం. వాటితో పాటు బయాలజీ ఫిలిప్పు మాస్టారి బల్ల మీదుండే ఆన్సర్ కీ కూడా మాయమైంది.

తాళం పగల్లేదు. తాళంచెవి వరండాలో మేకుకే వేలాడుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. సీసీ కెమెరా గేటుకి ఒక్కటే.

పరీక్షకి వారం ఉందనగా ప్రాక్టీసు పుస్తకాలు పోవడం చిన్న విషయం కాదు. మణిదీప్ పోలీసులకి ఫోన్ చేశాడు. రాజకుమారి వచ్చింది. రెండు ప్రశ్నలు వేసింది.

"ఆరాధన మధ్యలో బయటికి వెళ్ళిందెవరు?"

జీవిత. కడుపునొప్పి అని చెప్పి వెళ్ళింది. ఆ మాట పక్క మంచం డాలీ చెప్పింది.

"ఆ పుస్తకాలంటే పడనిదెవరికి?"

అదీ జీవితే. "ఈ పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టాలి" అని గురువారం నాడు అందరూ వినేలా అంది.

రాజకుమారికి అంతే చాలింది. జీవిత ట్రంకు పెట్టె వరండాలోకి తెప్పించింది. అందరి ముందూ తెరిపించింది. బట్టలు, బైబిలు, కొబ్బరినూనె సీసా. అడుగున చర్చి క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన పుస్తకం. తీసి చూస్తే ఎనిమిదో తరగతి తెలుగు మీడియం సైన్సు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "నీట్‌కి ఎనిమిదో క్లాసు పుస్తకమా?"

ఆ నవ్వుని రాజకుమారి ఆపలేదు. పైగా "కడుపునొప్పి ఎందుకొచ్చింది?" అని నిలదీసింది. మళ్ళీ అడిగింది. "ఆ ఇంగ్లీషు పుస్తకాలు నీకు కష్టమయ్యాయి. అవి లేకపోతే బాగుణ్ణనిపించింది. అవునా? ఎక్కడ దాచావ్?"

జీవిత ఏడవలేదు. బట్టలు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టెలో సర్దుకుంది. ఇరవై ముగ్గురు చూస్తుండగా.

జీపు గేటులోకి తిరిగింది.

"మేడమ్," అన్నాడు వెంకటరమణ, ఇంజన్ ఆపుతూ. "ఆడపిల్ల, గుంట సిన్నది. ఏ లోయ వేపన్నా పోయిందేటో... మనోళ్ళని రైలు కట్టెమ్మట కూడా పంపిద్దునా?"

"పంపించు."



డాలీ వరండాలో కూర్చుని ఏడుస్తోంది. అరకు అమ్మాయే. పంతొమ్మిదేళ్ళుంటాయి.

"ఎప్పుడు లేచింది?"

"ఐదింటికండి. బాత్రూమ్‌కి అనుకున్నాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను."

"ఏం పట్టుకెళ్ళింది?"

"చేతిసంచి ఒకటి. పెట్టె ఇక్కడే వదిలేసింది."

"రాత్రి ఏమైనా అందా?"

డాలీ ముక్కు తుడుచుకుంది. "'నవ్వింది నువ్వేనా?' అని అడిగింది."

"నువ్వేనా?"

డాలీ తల దించుకుంది.

రాజకుమారి ఆ పిల్లని ఇంకేమీ అనలేకపోయింది. ఏ మొహంతో అంటుంది? నవ్వడానికి చోటిచ్చింది తను.

"గురువారం జీవితకి అంత కోపం ఎందుకొచ్చింది?"

"ఫిలిప్పు మాస్టారు నిలబెట్టారండి. ఆన్సర్ తప్పన్నారు. ఇది కాదని వాదించింది."

"తరవాత మాస్టారేమైనా అన్నారా?"

"లేదండి. శుక్రవారం కళ్ళు చూపించుకోడానికి వైజాగ్ వెళ్ళిపోయారు. శనివారం సాయంత్రానికి వచ్చారు."

తరవాత మణిదీప్. స్టాఫ్ గదిలో నిలబడే ఉన్నాడు.

"ఆ పుస్తకాలు మీరూ వద్దన్నారట?"

"అన్నాను మేడమ్. జూన్‌లో కొనేటప్పుడే అన్నాను. మూడు రకాలు తెప్పిద్దాం, ఒక్కో దాంట్లో ఒక పాఠం పిల్లల చేత చేయిద్దాం అన్నాను. ఎన్‌సీఈఆర్‌టీ పాఠానికి ఏది దగ్గరగా ఉంది, ఏ పుస్తకంలో జవాబుకి వివరణ ఉంది, ఏది తెలుగులో కూడా ఉంది, ఇవి చూసుకుని కొందామన్నాను. పరీక్ష తెలుగులో కూడా ఇస్తారు కదా."

"మాస్టారేమన్నారు?"

"'నేను బయాలజీ చెప్పడం మొదలెట్టేసరికి నువ్వు పుట్టలేదు బాబూ' అన్నారు."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. దొంగతనం చేసేంత రాలేదు. నిన్న ఆరాధనలో కీబోర్డు వాయించింది నేనే. మొదట్నించి చివరిదాకా అందరి కళ్ళ ముందే ఉన్నాను."

ఆ మాట నిజమేనని పాస్టరుగారు చెప్పారు.

రాజకుమారి బస్టాండుకి వెళ్ళింది. రైల్వే స్టేషన్‌కి వెళ్ళింది. జీపు స్టాండులో డ్రైవర్లందరికీ ఫోటో చూపించింది. లాభం లేకపోయింది. తిరిగి సెంటర్‌కి వచ్చేసరికి పదకొండు దాటింది. ఫిలిప్పు మాస్టారు గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆయనది విజయనగరం. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా రిటైరయ్యాక మిషన్ వాళ్ళు పిలిస్తే ఇక్కడికొచ్చారు. ఆయన చెప్పిన పిల్లలు నలుగురైదుగురు డాక్టర్లయ్యారని లోయలో అందరూ చెప్పుకుంటారు. ఈ రోజు ఆయన గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, పిల్ల దొరికిందా?"

"ఇంకా లేదు మాస్టారూ. నిన్న మీరు చర్చికి రాలేదా?"

"మోకాళ్ళ నొప్పమ్మా. గదిలోనే పడుకున్నాను."

"ఎవరైనా స్టడీ హాల్ వైపు వెళ్ళిన చప్పుడు విన్నారా?"

"లేదు. పిల్ల దొరుకుతుంది కదమ్మా?"

"వెతుకుతున్నాం."

"దొరుకుతుంది కదూ?"

ఆయన లేచారు. ఏదో చెప్పడానికి నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది.

ఆటోలో రెండు పెద్ద అట్టపెట్టెలు. పొద్దుటి కిరండోల్ రైల్లో వైజాగ్ నుంచి వచ్చిన పార్శిల్. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. తాళ్ళు కోశారు. లోపల కొత్త బయాలజీ క్వశ్చన్ బ్యాంకులు. ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు. ప్రతి జవాబుకీ కింద వివరణ.

ఇరవై నాలుగున్నాయి. తీసుకునే చేతులు ఇరవై మూడు జతలు.

"నిన్న పుస్తకాలు పోయాయని తెలియగానే షాపుకి ఫోన్ చేశానమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "పిల్లల చదువు ఆగకూడదు కదా."

"మాస్టారు గట్టోరు మేడమ్," అన్నాడు వెంకటరమణ. "ఒక్క పూటలో తెప్పించీసేరు."

రాజకుమారికి కూడా కాస్త ఊపిరి తేలికైంది. ఒక్క పనైనా సవ్యంగా జరిగింది అనుకుంది. మాస్టారికి నమస్కారం పెట్టి జీపెక్కింది. ఆయన చెప్పబోయిందేమిటో అడగడం మర్చిపోయింది.

పన్నెండున్నరకి కబురు తెలిసింది. తెల్లవారుజామున కూరగాయలు వేసుకెళ్ళిన వ్యాను డ్రైవరు ఒక అమ్మాయిని అనంతగిరి దాటాక వ్యూ పాయింట్ దగ్గర దింపాడట. ఆ పక్క పల్లెలోనే జీవిత ఇల్లు. తల్లి రాజులమ్మ కాఫీ పళ్ళ కాలంలో కోతకి వెళ్తుంది. వేసవిలో రోడ్డు పక్క పాకలో బొంగు చికెన్ కాలుస్తుంది.

ఘాట్ రోడ్డులో వెంకటరమణ ఎప్పుడూ లేనంత వేగంగా నడిపాడు. రాజకుమారి వద్దనలేదు.

పాక ముందు టూరిస్టులు ఫోటోలు దిగుతున్నారు. వెనక ఒక అమ్మాయి గొంతుక్కూర్చుని వెదురు బొంగులు కడుగుతోంది. ఖాకీ చూసి ఆమె లేవలేదు. చేతులాగాయి, అంతే.

జీవిత.



మధ్యలోకి రాజులమ్మ వచ్చి నిలబడింది. సన్నగా, పొట్టిగా ఉంది. చేతిలో మంట ఎగదోసే కర్ర.

"మళ్ళీ ఏటికొచ్చేరు? పెట్టి ఇప్పించి సూసేరు కదా. మా గుంట దొంగ కాదని సెప్పీసినాదా పెట్టి? ఇంకేటి ఇప్పాల?"

టూరిస్టులు తిరిగి చూశారు.

"అమ్మా, నేను—"

"నువ్వూ మా కొండల మనిసివే గదా. నీ పెట్టి అలాగ నలుగురిలో ఇప్పితే నీకెలాగుంటాది?"

రాజకుమారికి తను చదివిన పెదబయలు ఆశ్రమ పాఠశాల గుర్తొచ్చింది. తనకీ అలాంటి పెట్టే ఉండేది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"తప్పు చేశానమ్మా," అంది. "మీ అమ్మాయితో ఆ మాట చెప్పాలని వచ్చాను."

రాజులమ్మ కర్ర దించలేదు. కానీ పక్కకి జరిగింది.

రాజకుమారి జీవిత పక్కన నేల మీదే కూర్చుంది. వెంకటరమణని దూరంగా వెళ్ళమని సైగ చేసింది.

"నేను తియ్యలేదు," అంది జీవిత, తలెత్తకుండా.

"నమ్ముతున్నాను."

"నిన్న నమ్మలేదు."

"అవును."

జీవిత ఇంకో బొంగు అందుకుంది. "కడుపునొప్పి ఎందుకని అడిగేరు కదా, ఆ పోలీసు సార్ పక్కనుండగా. మగోళ్ళ ముందు ఏటని సెప్తాను? నెలసరని సెప్పాలా?"

రాజకుమారి కళ్ళు మూసుకుంది. ఆ ప్రశ్న తను అడిగింది. పదిమందిలో అడిగింది. ఆడదై ఉండి.

"గురువారం ఏం జరిగింది? నిన్న ఇది అడగాల్సింది. అడగలేదు."

జీవిత బొంగు పక్కన పెట్టింది.

"రక్తం పాఠం టెస్టు. పెద్దయ్యాక ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండనిది ఎవరికి అని ప్రశ్న. కప్ప, పావురం, బల్లి, మనిషి. నేను మనిషని పెట్టేను. మాస్టారు కీ చూసి చదువుతున్నారు. దీనికి 'బి' అన్నారు. బి అంటే పావురం. నాది రైటే మాస్టారూ అన్నాను. 'అచ్చేసిన పుస్తకం తప్పా, నువ్వు తప్పా?' అన్నారు. ఒకసారి ప్రశ్న చదవండి అన్నాను. క్లాసయ్యేదాకా నిలబెట్టేరు."

"నీకు అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"ఎలాగేటి? చదివేను కదా." మొదటిసారి ఆ పిల్ల కళ్ళెత్తింది. "ముందు తెలుగులో చదూతాను. న్యూక్లియస్ అంటే కేంద్రకమని, అది ఏ పని సేస్తాదని ఆ ఎనిమిదో క్లాసు పుస్తకంలోనే నేర్సుకున్నాను. అప్పుడు ఇంగ్లీషులో చదివితే బుర్రకెక్కుతాది. అందరూ నవ్వుతారని దాసుకున్నాను. నవ్వేరు."

"ఆ ఒక్క ప్రశ్నేనా?"

"కాదు. నాలుగు పాఠాల్లో నాకు మార్కులు ఒకేసారి పడిపోయేయి. నాకొక్కదానికే కాదు, అందరికీ. మాకు బుర్ర లేదని అందరూ ఏడ్సేరు. కీ ఒకసారి ఇమ్మని మాస్టారిని అడిగేను. ఇవ్వలేదు."

రాజకుమారి లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

కీ. పుస్తకాలతో పాటు అది కూడా పోయింది. పిల్లల పుస్తకాలు కాజేసేవాడికి మాస్టారి బల్ల మీది కీతో ఏం పని?

ఆ వెంటనే ఇంకోటి తట్టింది. పొద్దున్న కళ్ళ ముందే జరిగింది. చూసి కూడా చూడలేదు.

"వెంకటరమణా! కిరండోల్ రైలు వైజాగ్‌లో ఎన్నింటికి బయల్దేరుతుంది?"

"ఏడు లోపలే మేడమ్."

"పుస్తకాల షాపు ఎన్నింటికి తెరుస్తారు?"

"తొమ్మిది, పదవ్వాల."

"ఆదివారం?"

"ఆదివారం మూసీ—" వెంకటరమణ నోరు అలాగే ఉండిపోయింది. "ఓలమ్మ!"

రాజకుమారి సెంటర్‌కి ఫోన్ చేసి, అట్టపెట్టె మీద అచ్చయిన షాపు నంబరు తీసుకుంది. షాపతను వెంటనే పలికాడు.

"అరకు మాస్టారి ఆర్డరా? శనివారం పొద్దున్న ఆయనే స్వయంగా వచ్చారండి. నాలుగైదు పుస్తకాలు గంటసేపు తిరగేశారు. ప్రతి దాంట్లో జవాబులన్నీ చూసుకున్నారు. చివరికి ఇది తీసుకున్నారు. ప్యాక్ చేయించి సోమవారం రైలుకి వెయ్యమన్నారు."

శనివారం. పుస్తకాలు పోయింది ఆదివారం.

రాజకుమారి జీవిత దగ్గరకి తిరిగొచ్చింది. "నాతో వస్తావా? లోపలికి రావడం నీ ఇష్టం. కానీ నిన్న నీ పెట్టె అందరి ముందూ తెరిచాను. ఇప్పుడు చెప్పేది కూడా అందరి ముందే చెప్పాలి."

జీవిత తల్లి వైపు చూసింది.

"నానూ వత్తాను," అంది రాజులమ్మ. పొయ్యిలో నిప్పు మీద నీళ్ళు చల్లింది.

సాయంత్రం నాలుగున్నర. స్టడీ హాల్.

పిల్లలందరూ బెంచీల మీద ఉన్నారు. మణిదీప్ కిటికీ దగ్గర. ఫిలిప్పు మాస్టారు బల్ల పక్కన కుర్చీలో. జీవిత తల్లితో కలిసి గుమ్మం బయటే నిలబడింది. ఆమెని చూడగానే మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. డాలీ లేచి గుమ్మం దాకా వెళ్ళి, ధైర్యం చాలక తన బెంచీకి తిరిగొచ్చింది.

రాజకుమారి టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు నా సంగతి. నిన్న జీవిత పెట్టె ఇక్కడ వరండాలో తెరిపించాను. సాక్ష్యం లేదు. ఇరవై నాలుగు పుస్తకాల బరువు ఒక్కపిల్ల మోయగలదా అని కూడా ఆలోచించలేదు. కడుపునొప్పి అంటే నమ్మలేదు. దాచుకున్న పుస్తకం చూసి నవ్వుతుంటే ఊరుకున్నాను. జీవితా, నన్ను క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను."

రాజకుమారి జవాబు కోసం ఆగలేదు.

"ఇప్పుడు పుస్తకాల సంగతి. ఈ కొత్త పుస్తకాలు పొద్దుటి రైల్లో వచ్చాయి. ఆ రైలు బయల్దేరేసరికి వైజాగ్‌లో షాపులు తెరవరు. ఆదివారం అసలే తెరవరు. అంటే ఇవి శనివారానికే ప్యాక్ అయ్యాయి. పాతవి పోకముందే కొత్తవి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. పోతాయని ముందే తెలిసినవాళ్ళు ఒక్కరే."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి.

"మాస్టారూ," అంది రాజకుమారి. గొంతు పెంచలేదు. "ఎక్కడున్నాయి?"

ఫిలిప్పు మాస్టారు చేతులు దించారు.

"చర్చి వెనక కాఫీ గోదాంలో. గోనెసంచుల కింద. అందరూ ఆరాధనలో ఉండగా స్కూటీ మీద వేసుకెళ్ళాను. కాల్చేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు."

వెంకటరమణ బయటికి నడిచాడు.

"ఎందుకు మాస్టారూ?" అన్నాడు మణిదీప్. అతని గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువ ఉంది.

"ఒకప్పుడు అదే పుస్తకంతో నా పిల్లలు సీట్లు తెచ్చుకున్నారు బాబూ. అట్ట మీద పేరు చూసి తెప్పించాను. లోపల తెరవలేదు. ఈసారి అచ్చులో నాలుగు పాఠాల కీలు తారుమారై, ఒక పాఠం కింద ఇంకో పాఠం జవాబులు పడ్డాయి. నేను కీ చూసి అక్షరాలు చదువుకుంటూ పోయాను. ఏ, బి, సి, డి. గురువారం ఈ పిల్ల ఒకసారి ప్రశ్న చదవండి అంది. చదవలేదు. నిలబెట్టాను. రాత్రి గదిలో కూర్చుని చదివాను. పావురం! నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం అది."

"మర్నాడు క్లాసులో ఆ మాట చెప్తే అయిపోయేది కదా?"

"అయిపోయేది." ఆయన నేల వైపు చూశారు. "సిగ్గమ్మా. ప్రశ్న చదవకుండానే పిల్లలది తప్పన్నానని ఎలా చెప్పను? పాతవి మాయమై కొత్తవి వస్తే ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుందనుకున్నాను. ఆరాధన మధ్యలో జీవిత తిరిగొచ్చిందని నాకు తెలీదు. పేరు ఆమె మీదికి వెళ్తుందనుకోలేదు."

"పెట్టె తెరిచినప్పుడు మీరెక్కడున్నారు?"



"వరండాలోనే. స్తంభం పక్కన."

రాజులమ్మ గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వచ్చింది. "సూత్తా ఉండిపోయేవా బాబూ? మా గుంటని దొంగని అంతంటే?"

మాస్టారు లేచి నిలబడ్డారు. ఆమెకి చేతులు జోడించారు. ఆమె ఆ దండం తీసుకోలేదు. వద్దనలేదు కూడా.

"ఆదివారం దాటాక నేను వెళ్ళిపోతానమ్మా," అన్నారు రాజకుమారితో. "కేసు పెట్టండి. ఏ సెక్షనైనా సరే."

"కేసు సంగతి మిషన్ వాళ్ళతో మాట్లాడి చూస్తాను. అంతకంటే ముందు ఇంకో పనుంది. పుస్తకాలైతే మార్చారు. నాలుగు పాఠాల తప్పు జవాబులు ఈ పిల్లల తలల్లో ఉన్నాయి కదా. వాటిని ఏ రైల్లో పంపిస్తారు?"

మాస్టారి మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆ సంగతి ఆయన ఈ నాలుగు రోజులూ ఆలోచించలేదని అందరికీ అర్థమైంది. తన పేరు ఒక్కటే ఆలోచించారు.

ఆయన పిల్లల వైపు తిరిగారు. సుద్దముక్క తీసుకున్నారు. మళ్ళీ పెట్టేశారు.

"గురువారం నాటి ప్రశ్న," అన్నారు. "నేను 'బి' అని చెప్పకముందు... మనిషి అని పెట్టినవాళ్ళు ఎంతమంది? నా మాట విని మార్చుకున్నవాళ్ళు? నిజం చెప్పండమ్మా. మీ తప్పు లేదు."



డాలీ చెయ్యెత్తింది. మోచెయ్యి పూర్తిగా చాపలేదు. ఆ తరవాత ముందు బెంచీలో ఇంకొకతె. కిటికీ పక్కన ఇద్దరు. వెనక వరసంతా. తప్పు చేసినట్టు, ఒకరి వెనక ఒకరు, దొంగచూపులు చూసుకుంటూ ఎత్తారు. చివరికి బెంచీల మీద దింపి ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు.

అందరికీ తెలుసు. అందరూ చెరిపేసుకున్నారు.

ఫిలిప్పు మాస్టారు ఆ చేతుల వైపు చూడలేక గోడ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. మణిదీప్ వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు. రాజకుమారి బల్ల మీది టోపీ అందుకుంది. తల మీద పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడైంది.

జీవిత లోపలికి వచ్చింది. మూడో బెంచీలో తన చోటుకి వెళ్ళింది. డాలీ జరిగి చోటిచ్చింది. జీవిత ఆమె వైపు చూడలేదు.

"నేను మార్చలేదు మాస్టారూ," అంది.

ఆయన గోడ వైపు నుంచే తలూపారు. "తెలుసమ్మా."

"మిగతా తప్పులేటో బేగి సెప్పండి. ఆదివారమే పరీక్ష."